మోకాలు మార్చాక మూడో రోజు నడకా, మూడో నెల నడకా: నా అనుభవం

2025 ఫిబ్రవరి 6న విజయవాడ సూర్యారావుపేటలో నా కుడి మోకాలు మార్చారు. ఈరోజు మే 15, సరిగ్గా పద్నాలుగు వారాలు. కర్రీ పాయింట్ తలుపులు మొన్న సోమవారం మళ్లీ తీశాం. మతిమరుపు రాకముందే జరిగినదంతా జరిగినట్టు రాసిపెట్టాలని కూర్చున్నాను.

నాకు 61 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో మా ఆయనా నేనూ పద్దెనిమిదేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాం. కింద షాపు, పైన ఇల్లు, మధ్యలో పదిహేడు మెట్లు. పొద్దున ఐదింటికి పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నం రెండింటిదాకా నిలువుకాళ్ల మీదే ఉండేదాన్ని. ఆపరేషన్‌కి ముందు నాలుగేళ్లూ ఆ పదిహేడు మెట్లూ పక్కకి తిరిగి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగేదాన్ని. నూనెలు రాశాను, జిల్లేడాకులు కాచి కట్టాను, పదిహేను వేలు పెట్టి గుజ్జు ఇంజెక్షన్ కూడా చేయించుకున్నాను. ఐదు నెలలు బాగుంది, తర్వాత మామూలే.

ఆపరేషన్ అంటే భయపడుతుంటే అందరూ ఒకటే మాట చెప్పేవాళ్లు: "ఏం భయంలేదమ్మా, మూడో రోజుకే నడిపించేస్తారు." ఆ మాట అబద్ధం కాదు, నన్ను రెండో రోజే నడిపించారు. కానీ ఆ నడకంటే వాకర్ పట్టుకుని మంచం నుంచి తలుపు దాకా. నేను అనుకున్న నడక వేరు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాలుగో రోజు రాత్రి అంత ఏడ్చేదాన్ని కాదు.

ముందు గుంటూరు కొత్తపేటలో చూపించుకుంటే రెండు మోకాళ్లూ ఒకేసారి చేసేద్దామన్నారు. నాకు ధైర్యం చాల్లేదు. మా చెల్లెలు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటుంది, తను సూర్యారావుపేటలో ఇంకో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లింది. 2024 నవంబరు 9, శనివారం. పదింటికి రమ్మంటే ఒంటిగంటంపావుకి పిలిచారు. నిలబెట్టి ఎక్స్‌రే తీశారు. పడుకోబెట్టి తీసినదాంట్లో ఎముకల మధ్య కాస్త సందు కనిపించేది, నిలబడితే ఒళ్లు బరువంతా పడి ఎముకా ఎముకా ఆనుకునే ఉన్నాయి. మోకాలంతా కోసి తీసేసి కొత్తది పెడతారని నేననుకున్నాను. కాదట. తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగం కాస్త చెక్కి, వాటికి లోహపు తొడుగులు వేసి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ బిళ్ల పెడతారట. బొమ్మ గీసి చూపించాక సగం భయం పోయింది.

"ఒక మోకాలే చేద్దామమ్మా, మీ షుగర్ ముందు దారికి రావాలి" అన్నారు. మూడు నెలల షుగర్ పరీక్షలో 8.1 వచ్చింది. ఏడున్నర లోపు తెచ్చుకోమన్నారు. రెండు నెలలు అన్నం తగ్గించి, రాత్రి జొన్నరొట్టె తిని, మాత్ర మార్చుకున్నాను. జనవరి 3న 7.3కి వచ్చింది.

ఆపరేషన్ జనవరి 9న పెట్టించుకున్నాం. మా బేరమంతా కోచింగ్ పిల్లలూ హాస్టల్ పిల్లలూ, సంక్రాంతికి వాళ్లు ఊళ్లకి వెళ్లిపోతారు, ఎలాగూ షాపు మూతే. పెద్దాడు హైదరాబాద్‌లో సెలవు పెట్టాడు. షాపు ముందు బోర్డు కూడా కట్టేశాం. జనవరి 3న రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, గుండె స్కాన్ అన్నీ అయ్యాయి, 6,800 రూపాయలు. చివర్లో మత్తు డాక్టరుగారు నోరు తెరవమన్నారు. మత్తుకీ నోటికీ ఏం సంబంధమో అనుకుంటూ తెరిచాను. లోపల కింద దవడపన్ను దగ్గర చిగురు వాచి ఉంది. నాకు తెలుసు, నెల నుంచీ అప్పుడప్పుడూ సలుపుతోంది, లవంగం పెట్టుకుని సర్దుకుంటున్నాను.

అంతే, ఆపరేషన్ ఆగిపోయింది. పంటిలో చీము ఉంటే ఆ క్రిములు రక్తంలో కలిసి కొత్త కీలు దగ్గర చేరొచ్చట. అక్కడ చేరితే మందులతో లొంగడం కష్టం, ఒక్కోసారి పెట్టిన కీలు మళ్లీ తీసేయాల్సి వస్తుందట. మర్నాడే పన్ను పీకించుకున్నాను, ఐదు రోజులు మందులు. కనీసం మూడు వారాలు ఆగాలన్నారు. ఫిబ్రవరి 6న తేదీ ఇచ్చారు. ఆ సాయంత్రం బస్సులో గుంటూరు వస్తూ ఒకటే ఏడుపు. ఫిబ్రవరి, మార్చి అంటే పరీక్షల కాలం, మాకు బేరం బాగా ఉండే రోజులు. పెద్దాడి సెలవు వృథా. ఇప్పుడు ఆ మత్తు డాక్టరుగారిని తలుచుకుని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. మోకాలి ఆపరేషన్ అనుకున్న రోజే పన్ను డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇది నాకెవరూ చెప్పలేదు.

ఆ నెల రోజులూ ఊరికే పోలేదు. ఫిజియో అబ్బాయి ముందే కొన్ని నేర్పాడు: కాలు చాపి పడుకుని మోకాలి వెనక భాగాన్ని పరుపుకి అదిమిపెట్టి ఐదు లెక్కపెట్టడం, కాలు చాపి పైకెత్తి ఉంచడం, పాదం ముందుకీ వెనక్కీ ఆడించడం. తొడ కండ బలంగా ఉంటే తర్వాత సుఖమన్నాడు. పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై చేశాను.

ఇల్లు సర్దడం ఇంకో పని. మాది కింద కూర్చునే దొడ్డి. దాన్ని కొట్టించి కమోడ్ పెట్టించడానికి మేస్త్రీ కూలితో కలిపి 11,500 అయింది. నేల మీద ఉన్న పట్టాలూ కాళ్లు తుడుచుకునే గోనెలూ తీసేశాం, వాకర్ కాలు వాటిలో తట్టుకుంటుందని. స్నానానికి ఎత్తు స్టూలు, రాత్రికి చిన్న లైటు. నైటీలు నాలుగు కొన్నాను. వాకర్‌తో నడిచేటప్పుడు చీర కుచ్చిళ్లు కాళ్ల కింద పడతాయి, కట్టుకోవడానికి అంతసేపు నిలబడనూ లేం. ఒక్కటే మరిచాం. వాకర్ 1,400 పెట్టి కొన్నాంగానీ బాత్రూం తలుపు కొలవలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఫిబ్రవరి 5 సాయంత్రం చేరాను. మందు కలిపిన సబ్బుతో స్నానం చేయించారు, మిషన్‌తో కాలి వెంట్రుకలు తీశారు, రాత్రి పది తర్వాత ఏమీ తినొద్దన్నారు. పొద్దున డాక్టరుగారు వచ్చి కుడి మోకాలి మీద పెన్నుతో బాణం గుర్తు గీశారు. "ఏ కాలమ్మా?" అని నాతోనే చెప్పించారు. చెవి కమ్మలు, గాజులు, మెట్టెలు తీయించారు. మంగళసూత్రం తీయాలంటే మాత్రం చేతులు ఆడలేదు. మా చెల్లెలు ముందే ఆలోచించి పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి తెచ్చింది. నర్సమ్మ చూసి, "తాడైతే ఉండనివ్వండమ్మా, లోహం వద్దంతే" అంది. మీ ఇంట్లో ఆడవాళ్లకి ఆపరేషన్ అయితే ఆ తాడు సంచిలో పెట్టుకుని వెళ్లండి, లోపలికెళ్లే ముందు మనసు చాలా కుదుటపడుతుంది.

ఎనిమిది నలభైకి తీసుకెళ్లారు. లోపల భరించలేని చలి. బయటి గదిలో యాభై నిమిషాలు పడుకోబెట్టారు, అక్కడ ఒంటరిగా ఉన్న ఆ సమయమే మొత్తం ఆపరేషన్‌లో కష్టమైనది. తర్వాత కూర్చోబెట్టి వంగమని నడుములో సూది ఇచ్చారు. చీమ కుట్టినంతే. కాళ్లు వెచ్చబడి, బరువెక్కి, నావి కానట్టు అయిపోయాయి. నిద్రకి కూడా ఏదో ఇచ్చారు, అయినా మధ్యలో మెలకువ వచ్చి సుత్తితో కొడుతున్న చప్పుడు విన్నాను. నొప్పి మాత్రం లేదు. ఒళ్లు కదలడం తెలుస్తోంది. "ఏంటి బాబూ ఆ చప్పుడు?" అంటే, "అయిపోవచ్చిందమ్మా, పడుకోండి" అన్నాడొక అబ్బాయి. గంటన్నర పట్టిందట. బయటికొచ్చాక ఒళ్లంతా వణుకు, పళ్లు టకటకా కొట్టుకున్నాయి. మత్తు తర్వాత అది మామూలేనని వేడిగాలి వచ్చే దుప్పటి కప్పారు.

ఆ రోజు సాయంత్రం నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. నొప్పే లేదు. ఫోన్ చేసిన వాళ్లందరికీ "అసలేం నొప్పి లేదమ్మా, నువ్వూ చేయించేసుకో" అని చెప్పాను. తొడ దగ్గర నరానికి మత్తు ఇచ్చారని, అది దిగేదాకా అలాగే ఉంటుందని అప్పుడు నాకు తెలియదు. 7వ తేదీ మధ్యాహ్నం నిలబెట్టి వాకర్‌తో పది అడుగులు వేయించారు. తల తిరిగింది గానీ వేశాను. ఫొటో తీసి పెద్దాడికి పంపారు. ఆ రాత్రి మత్తు దిగిపోయింది.

8, 9 తేదీలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. "నొప్పి పదికి ఎంతమ్మా?" అని నర్సమ్మ అడిగేది. నేను మొహమాటపడి ఐదు, ఆరు అనేదాన్ని. పిల్లలిద్దర్ని కన్నాను, ఈ మాత్రం ఓర్చుకోలేనా అని. మా చెల్లెలు కోప్పడింది: "అక్కా, ఎనిమిదైతే ఎనిమిదని చెప్పు, చెప్పకపోతే వాళ్లకేం తెలుస్తుంది?" చెప్పాక ఇంజెక్షన్ మార్చారు, రెండు గంటలు నిద్రపోయాను. నొప్పి బాగా పెరిగాక మందు ఇస్తే లొంగడానికి చాలాసేపు పడుతుంది. పెరగకముందే అడగాలి. ఫిజియోకి అరగంట ముందు నొప్పి మాత్ర వేసుకోవడం కూడా అక్కడే నేర్చుకున్నాను.

ఆ మాత్రలకి నాలుగు రోజులు విరేచనం కాలేదు. నొప్పి కన్నా అది ఎక్కువ బాధపెట్టింది. అడిగితే వెంటనే మందిచ్చారు, మొదటి రోజే అడగాల్సింది.

10వ తేదీ సోమవారం పొద్దున పదకొండింటికి ఇంటికి వెళ్లొచ్చన్నారు. బయటపడేసరికి సాయంత్రం ఆరు నలభై. మాది పెద్దాడి కంపెనీ ఇన్సూరెన్స్. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి కాగితం అందిన మూడు గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ అనుమతి ఇవ్వాలని 2024లో ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే ప్రభుత్వ సంస్థ) నిబంధన పెట్టింది. పెద్దాడు ఫోన్ చేసి గట్టిగా అడిగితే తేలిందేంటంటే, ఆస్పత్రి వాళ్లు ఆ కాగితం పంపిందే మూడున్నరకి. అందుకని ముందురోజు రాత్రే బిల్లు సిద్ధం చేయమని అడగడం మంచిది. మొత్తం బిల్లు 2,14,600. గ్లవుజులు, కిట్లు లాంటివి ఇన్సూరెన్స్‌లో రావని 9,600 తీసేశారు. మిగతాదాంట్లో తల్లిదండ్రులకి ఇరవై శాతం మనమే కట్టుకోవాలని పాలసీలో ఉందట, 41,000. అన్నీ కలిపి మేం కట్టింది 50,600. పెద్దాడు బిల్లులో కీలు ఖరీదు విడిగా రాయించి, దాని డబ్బా మీది స్టిక్కరు ఫైల్లో ఉందో లేదో చూశాడు. 2017 ఆగస్టులో కేంద్రం ఈ కీళ్లకి గరిష్ఠ ధర కట్టిన సంగతి వాడే చెప్పాడు. అప్పట్లో మామూలు రకం జీఎస్టీ కాక 54,720 రూపాయలట. ఆ స్టిక్కరు ఎప్పటికీ దాచుకోవాలి, రేపు ఏదైనా అవసరం పడితే లోపల ఏ కంపెనీది, ఏ సైజు ఉందో దాన్నిబట్టే తెలుస్తుంది.

గుంటూరు వెళ్లకుండా కుట్లు తీసేదాకా చెల్లెలి ఇంట్లోనే ఉన్నాను. కింది వాటా, కమోడ్ ఉంది, ఆస్పత్రి దగ్గర. ఇది మేం తీసుకున్న మంచి నిర్ణయం. సూర్యారావుపేట నుంచి సత్యనారాయణపురం ఎంత దూరమని! ఆ దార్లో ప్రతి స్పీడ్ బ్రేకరూ మోకాల్లోనే ఎక్కి దిగింది.

వచ్చిన చుట్టాలంతా పథ్యం గురించే. పప్పు తినకూడదు చీము పడుతుంది, వంకాయ వద్దు, గుడ్డు వద్దు. డాక్టరుగారిని అడిగితే "పప్పు, గుడ్డు, పెరుగు బాగా తినండి, కండ పట్టాలంటే అవే కావాలి. షుగర్ పెరగకుండా చూసుకోండి చాలు" అన్నారు. వంకాయ మొదటి వారమే తిన్నాను, గాయం శుభ్రంగా మానింది.

నేను చేసిన పెద్ద తప్పు దిండు. మోకాలి కింద దిండు పెట్టుకుంటే ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. మూడు రాత్రులు అలాగే పడుకున్నాను. నాలుగో రోజు ఫిజియో అబ్బాయి చూసి, "ఆంటీ, ఇలా పడుకుంటే కాలు వంకరగానే బిగుసుకుపోతుంది, తర్వాత తిన్నగా చాపలేరు" అని దిండు తీసి మడమ కింద పెట్టాడు. మోకాలు గాల్లో వేలాడుతూ తిన్నగా సాగుతుంటే ప్రాణం పోయినట్టుండేది. వంగడం గురించే అందరూ మాట్లాడతారు, చాపడం కూడా అంతే ముఖ్యమట. చాపలేకపోతే జన్మంతా కుంటి నడకే.

వంగే లెక్క ఒక పుస్తకంలో రాసుకున్నాను. ఇంటికొచ్చినప్పుడు 60 డిగ్రీలు. ఫిబ్రవరి 20న కుట్లు, అవి దారం కాదు, స్టేప్లర్ పిన్నుల్లాంటివి, ఇరవై ఎనిమిది తీశారు. ఆ రోజు 78. ఆరు వారాలకి 90 దాటకపోతే మత్తిచ్చి వంచాల్సి రావచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ మాట నా మీద కత్తిలా వేలాడేది. రోజుకి మూడుసార్లు కుర్చీలో కూర్చుని, ఎడమ కాలితో కుడి కాలిని వెనక్కి నెట్టుకునేదాన్ని. ఇంటికొచ్చే ఫిజియోకి రోజుకి 500, ముప్పై రోజులకి పదిహేను వేలు. ఇది ఇన్సూరెన్స్‌లో రాలేదు. కానీ ఖర్చంతటిలోకీ పనికొచ్చింది ఇదే. మార్చి 20న, సరిగ్గా ఆరు వారాలకి, 97. ఆ అబ్బాయి కొలిచి చూపిస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఫిబ్రవరి 23 ఆదివారం రాత్రి పిక్క గట్టిగా వాచింది. తొడ నుంచి మడమ దాకా అప్పటికే కమిలి నల్లగా ఉంది, అది మామూలేనన్నారు. ఈ వాపు వేరుగా అనిపించింది. రక్తం గడ్డకడితే ప్రమాదమని ఆస్పత్రిలో కాగితం మీద రాసిచ్చారు, రక్తం పలచబడే మాత్రలు కూడా అందుకే రెండు వారాలు వేసుకున్నాను. మా ఆయన ముఖం పాలిపోయింది. పదకొండింటికి ఆటోలో ఎమర్జెన్సీకి వెళ్లాం, రక్తనాళాల్లో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ స్కాన్ తీశారు, 1,800. గడ్డ లేదన్నారు. కాలు కిందకి వేలాడేసి ఎక్కువసేపు కూర్చున్నానట. అనవసరంగా వెళ్లామని ఆ రాత్రి ఎవ్వరం అనుకోలేదు.

శివరాత్రి వెళ్లాక మర్నాడు గుంటూరు చేరాం. బాత్రూం దగ్గరికి వెళ్తే వాకర్ తలుపులో పట్టలేదు, రెండంగుళాలు తేడా. చంటిపిల్లలా కోడలి భుజం పట్టుకుని లోపలికి వెళ్లాల్సి వచ్చింది. అది పది రోజులు. ఒకరికి చేసి పెట్టడమే గానీ ఒకరిచేత చేయించుకోవడం నాకు అలవాటు లేదు. "అత్తయ్యా, అమ్మకైతే చెయ్యనా?" అని ఆ పిల్ల అన్న మాట ఈ జన్మకి మరచిపోను. మెట్లకి ఫిజియో ఒక సూత్రం చెప్పాడు: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. రెండు కాళ్లూ ఒకే మెట్టు మీద పెట్టి అలాగే పదిహేడూ ఎక్కాను.

రాత్రుళ్లు మాత్రం రెండు నెలలు నిద్ర లేదు. పగలంతా బాగానే ఉండి రెండింటికి మెలకువ వచ్చేది, ఎటు తిరిగినా కుదిరేది కాదు. మార్చి ఎండల్లో, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే బిగుతు మేజోళ్లు ఇంకో నరకం. తప్పు చేశానా, ఉన్నదాంతోనే సర్దుకుపోవాల్సిందా అని చీకట్లో అనుకునేదాన్ని. అప్పటికే చేయించుకున్న మా వీధి పెద్దావిడ, "నాకూ అంతే, రెండు నెలల దాకా నేనూ తిట్టుకున్నాను" అన్నాకే గుండె నిమ్మళించింది. ఉగాది నాటికి, మార్చి 30, వంటగదిలో ఇరవై నిమిషాలు నిలబడి పచ్చడి కలిపాను. ఏప్రిల్ రెండో వారంలో ఒక రాత్రి పడుకుంటే తెల్లారి ఐదున్నరకి లేచాను. మెలకువ రాకుండా ఐదున్నర!

ఇప్పుడు 112 డిగ్రీలు వంగుతుంది. మచ్చకి బయటి పక్క అరచేయంత మేర మొద్దుబారే ఉంది. ఎడమ మోకాలి కంటే వెచ్చగా ఉంటుంది, నడిస్తే ఒక్కోసారి టక్కుమని చప్పుడు. ఇవి నెలల తరబడి ఉంటాయన్నారు. కింద కూర్చోవద్దన్నారు, పూజకి ఎత్తు పీట చేయించుకున్నాను. మూడు నెలలకి పైగా షాపు మూతపడే ఉంది, అద్దె లేకపోబట్టి నిలబడ్డాం.

మొన్న 12న షాపు తీశాక పొయ్యి పక్కన ఎత్తు స్టూలు వేసుకున్నాను. గంట నిలబడతాను, పది నిమిషాలు కూర్చుంటాను. పొద్దున ఆరు కూరలు చేసేవాళ్లం, ఇప్పుడు నాలుగే. మెట్లు మాత్రం ముందుకి తిరిగే దిగుతున్నాను, ఒక చెయ్యి రెయిలింగ్ మీద.

ఎడమ మోకాలికి నవంబరులో రమ్మన్నారు. బాత్రూం తలుపు వెడల్పు చేయించడానికి మేస్త్రీకి చెప్పాం. పన్ను డాక్టరు దగ్గరికి సెప్టెంబరులోనే వెళ్తాను.